మధ్య మెట్టు ఖర్చు ఎవరిది?



ఈ సాయంత్రం డాక్టర్ సయ్యద్ హుసేన్ జహీర్ గారి స్మృతిలో మాట్లాడుతున్నాను. 1901లో పుట్టిన జహీర్ గారు లక్నో విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం బోధించారు. 1948లో హైదరాబాదు వచ్చి ఇక్కడి ప్రయోగశాల బాధ్యత తీసుకున్నారు. 1962 దాకా దాన్ని నడిపి, ఆపైన 1966 వరకు కేంద్ర ప్రభుత్వ పరిశోధన మండలి సీఎస్‌ఐఆర్ డైరెక్టర్ జనరల్‌గా పనిచేశారు. 1975లో కన్నుమూశారు. 

ఆయన చేసిన పనుల్లో ఒకటి ఈ సాయంత్రం నా వాదనకు ఆధారం. రసాయన పరిశ్రమకు పనికొచ్చే పరిశోధన చెయ్యడానికి పెట్టిన సంస్థలో పుష్ప మిత్ర భార్గవ అనే యువ శాస్త్రవేత్త జీవరసాయన పరిశోధన చేస్తానంటే చోటిచ్చారు. 1950ల నాటి హైదరాబాదులో ఏ ఫ్యాక్టరీ యజమానీ కణజీవశాస్త్రం కావాలని అడగలేదు. ఆ విభాగమే పెరిగి 1977లో కణ, అణు జీవశాస్త్ర కేంద్రం సీసీఎంబీ అయింది. ఇరవై ఏళ్ల తరువాత దాని ఫలం ఒక టీకా రూపంలో మార్కెట్టులోకి వచ్చింది. ఆ కథ మళ్లీ చెబుతాను.

నేను వృత్తిరీత్యా కెమికల్ ఇంజినీరుని. ప్రయోగశాల నుంచి వచ్చిన ప్రాసెస్‌ను రియాక్టరులో నడిపించడమే నా పని. కాబట్టి ఈ విషయాన్ని ఫ్యాక్టరీ వైపు నుంచే చూస్తాను. శాస్త్రవేత్తలు అటువైపు నుంచి సరిదిద్దవచ్చు.

1. మొదటి రూపాయి

జహీర్ గారు నడిపిన, ఇప్పుడు ఐఐసీటీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ) అంటున్న సంస్థ 1944లో పుట్టింది. హైదరాబాదు సంస్థాన ప్రభుత్వం తన ఖజానా డబ్బుతో 'సెంట్రల్ లేబొరేటరీస్ ఫర్ సైంటిఫిక్ అండ్ ఇండస్ట్రియల్ రీసెర్చ్' అని పెట్టింది. ప్రపంచయుద్ధం నడుస్తున్న రోజులవి. ఇక్కడి బొగ్గు, నూనెగింజలు, ఖనిజాలతో ఏం తయారు చేసుకోగలమన్నదే దాని ముందున్న ప్రశ్న. 1956లో సీఎస్‌ఐఆర్ కిందికి వచ్చి రీజనల్ రీసెర్చ్ లేబొరేటరీ అయింది. హబ్సిగూడ పాతవాళ్లు నేటికీ ఆర్‌ఆర్‌ఎల్ అనే అంటారు. 1989లో ఐఐసీటీ అయింది. తార్నాక నుంచి ఉప్పల్ వెళ్లే ఇదే రోడ్డు మీద 1961లో భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ వచ్చింది. దాని పేరుతో ఇప్పుడు మెట్రో స్టేషను కూడా ఉంది. ఉప్పల్‌లో డీఎన్‌ఏ వేలిముద్రల కేంద్రం సీడీఎఫ్‌డీ ఉంది. ఇవన్నీ ప్రజల పన్నుల మీద నిలబడ్డవే. అక్కడి నుంచి రెండు మూడు కిలోమీటర్లు నడిస్తే నాచారం ఇండస్ట్రియల్ ఏరియా. అది యజమానుల పెట్టుబడి, బ్యాంకు అప్పు, కార్మికుల శ్రమ మీద నిలబడ్డది. ఈ రెండూ ఇరుగుపొరుగు. ఇన్నేళ్లలో వాటి మధ్య డబ్బు ఎలా ప్రవహించిందో, ఎక్కడ ఆగిపోయిందో చూద్దాం.

పరిశ్రమ డబ్బు ప్రయోగశాలకు రావడం మన దేశంలో కొత్త కాదు. సీఎస్‌ఐఆర్ 1942లో పుట్టకముందే శాంతిస్వరూప్ భట్నాగర్ లాహోరులో ఆ పని చేసి చూపించారు. రావల్పిండి దగ్గర అటక్ ఆయిల్ కంపెనీ చమురు బావులు తవ్వుతుంటే, డ్రిల్లింగుకు వాడే బురద ఉప్పు తగలగానే గట్టిపడి పని ఆగిపోయేది. భట్నాగర్ అందులో దేశవాళీ బంక కలిపించి ఆ చిక్కు తీర్చారు. కంపెనీ తరఫు స్టీల్ బ్రదర్స్ సంస్థ సంతోషించి పరిశోధనకు లక్షన్నర రూపాయలు ఇస్తామంది. ఆయన ఆ డబ్బు సొంతానికి తీసుకోకుండా విశ్వవిద్యాలయంలో పెట్రోలియం పరిశోధన విభాగం పెట్టించారు. ఇక్కడ వరుస గమనించండి. ముందు సమస్య వచ్చింది, తరువాత పరిష్కారం, ఆ తరువాతే డబ్బు. ఆ డబ్బు కూడా తరువాతి పరిశోధనకు మూలధనమైంది. మనం ఈ వరుసను తిరగేశాం. అందువల్ల వచ్చిన నష్టాలు కొన్ని ముందు ముందు చెబుతాను.

2. మూడు రకాల డబ్బు

అనువర్తిత పరిశోధన సంస్థకు మూడు దారుల్లో డబ్బు వస్తుంది. ఒకటి, ప్రభుత్వం ఏటా ఇచ్చే మూల గ్రాంటు: జీతాలు, కరెంటు, భవనాలు, కొంత స్వేచ్ఛ. రెండు, ప్రభుత్వ శాఖలు ఫలానా పనికని ఇచ్చే ప్రాజెక్టు డబ్బు. మూడు, పరిశ్రమ ఇచ్చేది: స్పాన్సర్డ్ ప్రాజెక్టులు, కన్సల్టెన్సీ, పరీక్షల ఫీజులు, లైసెన్సు ఫీజు, రాయల్టీ. రెండూ మూడూ కలిపి సీఎస్‌ఐఆర్ భాషలో ఎక్స్‌టర్నల్ క్యాష్ ఫ్లో. డైరెక్టర్ల సమావేశాల్లో ఈ మాట వినిపించినంతగా మరొకటి వినిపించదు.

1986లో ఆబిద్ హుసేన్ కమిటీ, ప్రయోగశాలలు తమ ఖర్చులో మూడోవంతు బయటి నుంచి సంపాదించాలని చెప్పింది. పదేళ్ల తరువాత డైరెక్టర్ జనరల్ మాషేల్కర్ గారి హయాంలో వచ్చిన 'సీఎస్‌ఐఆర్ 2001' పత్రం దాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంది. ఆ ఒత్తిడి మంచిదే. గదిలో కూర్చుని పేపర్లు రాసుకునే అలవాటును అది కదిలించింది. కానీ లెక్క కట్టే పద్ధతిలో ఒక లోపం ఉంది. ఒక కంపెనీ శాంపిల్‌ను పరీక్షించి రిపోర్టు ఇస్తే వచ్చే రూపాయీ, ఐదేళ్లు శ్రమించి కొత్త ప్రాసెస్ అమ్మితే వచ్చే రూపాయీ ఆ ఖాతాలో ఒకటే. మొదటిది వారంలో వస్తుంది. రెండోది ఎప్పుడొస్తుందో తెలియదు. మార్చి ముప్పై ఒకటికి లెక్క చూపాల్సిన సంస్థ ఏది ఎంచుకుంటుందో మీరే ఊహించండి.

జర్మనీలో 1949లో మొదలైన ఫ్రౌన్‌హోఫర్ సొసైటీని మనవాళ్లు తరచూ ఉదాహరిస్తారు. 'వాళ్లు డెబ్బై శాతం పరిశ్రమ నుంచే తెచ్చుకుంటారు, మీరెందుకు తెచ్చుకోరు?' అని మన శాస్త్రవేత్తలను నిలదీసే పెద్దలున్నారు. ఇది సగం నిజం. అక్కడ దాదాపు ముప్పై శాతం ప్రభుత్వాల మూలనిధి. మిగతా డెబ్బైలో పరిశ్రమ కాంట్రాక్టులతో పాటు ప్రభుత్వ ప్రాజెక్టుల డబ్బు కూడా కలిసి ఉంది. పైగా 1970ల నుంచి అక్కడ ఒక నియమం ఉంది: కాంట్రాక్టులు ఎక్కువ తెస్తే మూలనిధి కూడా పెరుగుతుంది. అంటే బయట సంపాదించినవాడికి స్వేచ్ఛగా వాడుకునే డబ్బు కూడా దక్కుతుంది. మన దగ్గర, 'బయట సంపాదిస్తున్నారు కదా, ఇక గ్రాంటు ఎందుకు?' అన్న ప్రశ్న వస్తుంది. ఆ ఒక్క తేడా వల్ల రెండు దేశాల శాస్త్రవేత్తలు పరిశ్రమను చూసే చూపు మారిపోతుంది.

3. ఏజెడ్‌టీ కథ

ఇప్పుడు ఈ రోడ్డు మీద జరిగిన మంచి కథ ఒకటి. ఆళ్ల వెంకట రామారావు గారు 1935లో గుంటూరులో పుట్టారు. పుణెలోని నేషనల్ కెమికల్ లేబొరేటరీలో చాలా ఏళ్లు పనిచేసి, 1985లో ఇక్కడికి డైరెక్టరుగా వచ్చారు. అప్పటికి 1970 నాటి పేటెంటు చట్టం అమల్లో ఉంది. దాని ప్రకారం అప్పట్లో మందుకు పేటెంటు లేదు, తయారీ విధానానికే ఉండేది. వేరే దారిలో అదే మందు తయారు చేయగలిగితే మన కంపెనీ అమ్ముకోగలిగేది. ఆ వేరే దారి కనిపెట్టడమే ప్రయోగశాల పని. ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్‌లో తర్ఫీదైన మనుషులు, ఈ చట్టం, ఈ ప్రయోగశాల కలిసినందువల్లే హైదరాబాదు మందుల పరిశ్రమ ఇంత పెరిగింది.

ఎయిడ్స్‌కు అప్పట్లో ఉన్న ముఖ్యమైన మందు ఏజెడ్‌టీ. దాని ధర మన రోగులకు అందేది కాదు. రామారావు గారి బృందం చవకైన విధానం రూపొందించి మందుల కంపెనీ సిప్లాకు ఇచ్చింది. 1993లో సిప్లా దాన్ని మార్కెట్టులోకి తెచ్చింది. మొదట కొనేవాళ్లు లేరు. ప్రభుత్వం కూడా కొనలేదు. కానీ ఆ మందుల తయారీలో సిప్లాకు చెయ్యి తిరిగింది. 2001లో సిప్లా అధిపతి యూసుఫ్ హమీద్, ఏడాదికి పది వేల డాలర్లు దాటే మూడు మందుల వైద్యాన్ని 350 డాలర్లకే ఇస్తామని ప్రపంచానికి చెప్పారు. ఆ మూడింటిలో ఏజెడ్‌టీ లేదు. అయినా ఆ దారిలో మొదటి అడుగు పడింది ఇక్కడే. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు ఫావిపిరావిర్ విధానం మళ్లీ ఐఐసీటీ నుంచి సిప్లాకే, కొద్ది నెలల్లోనే వెళ్లింది. దశాబ్దాల పరిచయం ఉంటే ఒప్పందం మీద సంతకాలకు ఎక్కువ కాలం పట్టదు.

రామారావు గారు 1995లో పదవీ విరమణ చేశాక ఈ ప్రాంతంలోనే ఆవ్రా లేబొరేటరీస్ పెట్టారు. డైరెక్టరు కుర్చీలోంచి లేచిన మనిషి అరవై ఏళ్ల వయసులో మళ్లీ రియాక్టరు దగ్గరికి వెళ్లడం మామూలు విషయం కాదు.

అయితే ఈ కథలో ఒక మాట దాగి ఉంది. సిప్లా పెద్ద సంస్థ. ప్రయోగశాల చేతికిచ్చిన విధానాన్ని పెద్ద ఎత్తున నడిపే పైలట్ ప్లాంటు, మనుషులు, ఓర్పు దానికి ఉన్నాయి. నాచారంలో నాలుగు రియాక్టర్లున్న యూనిటుకు అవేవీ లేవు. అసలు వాదన ఇక్కడ మొదలవుతుంది.

4. మధ్య మెట్టు

విద్యార్థుల కోసం కొంచెం వివరంగా చెబుతాను. తెలిసినవాళ్లు ఓపిక పట్టాలి.

లీటరు ఫ్లాస్కులో ఒక చర్య జరిపారు. వేడి పుట్టింది. ఐసు తొట్టిలో పెట్టి, చుక్క చుక్కగా రియేజెంటు వేస్తే గంటలో అయిపోయింది. ఈల్డ్ ఎనభై శాతం. పేపరు వచ్చింది, పేటెంటు కూడా వచ్చింది. ఇదే చర్యను వెయ్యి లీటర్ల గ్లాస్‌లైన్డ్ రియాక్టరులో చెయ్యాలి. పరిమాణం వెయ్యి రెట్లు పెరిగింది, వేడిని బయటికి పంపే గోడ మాత్రం వంద రెట్లే పెరిగింది. అంటే ప్రతి లీటరుకూ దక్కే గోడ పదోవంతుకు పడిపోయింది. గంటలో వేసిన రియేజెంటును ఇప్పుడు పది గంటలు వెయ్యాలి. ఆ పది గంటల్లో ముందు తయారైన పదార్థం చెడిపోతుందా? కొత్త మలినం పుడుతుందా? స్టర్రరు అడుగుదాకా కలుపుతుందా? ఫ్లాస్కులో పది నిమిషాల్లో వడకట్టిన ముద్ద సెంట్రిఫ్యూజులో జిగటై కూర్చుంటుందా? సాల్వెంటు ఎంత తిరిగి వస్తుంది? మదర్ లిక్కరు ఎక్కడికి పంపాలి? స్క్రబ్బరు సరిపోతుందా? ఈ ప్రశ్నల్లో ఒక్కదానికీ పేటెంటులో జవాబు ఉండదు. కిలో ల్యాబులో, ఆ తరువాత పైలట్ ప్లాంటులో, మళ్లీ మళ్లీ బ్యాచ్‌లు నడిపితేనే దొరుకుతుంది. కొన్ని బ్యాచ్‌లు పోతాయి. పోయిన బ్యాచ్ ఖర్చు ఎవరిది?

ప్రయోగశాల అంటుంది: మా గ్రాంటు పరిశోధనకే, మేం ఫ్యాక్టరీ కాదు. యూనిటు యజమాని అంటాడు: నిలబడుతుందో లేదో తెలియని విధానానికి నా రియాక్టరు నెలలపాటు ఆపితే జీతాలు ఎవరిస్తారు? బ్యాంకు అంటుంది: ముందు ఆర్డరు చూపించండి. ముగ్గురి మాటలోనూ న్యాయం ఉంది. అందుకే మధ్య మెట్టు ఖాళీగా ఉండిపోతుంది. ఒక యూనిటు కోసం నేనే ఒక సంస్థ నుంచి విధానం తీసుకొచ్చాను. కాగితం మీద దాంట్లో తప్పేమీ లేదు. మూడో బ్యాచ్‌కు యజమాని దగ్గర డబ్బు అయిపోయింది. ఇంకో నాలుగు బ్యాచ్‌లు నడిపితే అది నిలబడేదని నేటికీ నమ్ముతున్నాను.

ఈ మెట్టు కట్టినప్పుడు ఏం జరుగుతుందో జహీర్ గారి కాలమే చూపించింది. సింగరేణి బొగ్గును తక్కువ ఉష్ణోగ్రత దగ్గర కార్బనీకరించి పొగరాని వంట ఇంధనం చెయ్యాలని ఆర్‌ఆర్‌ఎల్‌లో పైలట్ ప్లాంటు దాకా పని జరిగింది. ఆ ఆలోచనే పెద్దదై మంచిర్యాల దగ్గర నస్పూర్‌లో కోల్ కెమికల్స్ కాంప్లెక్స్ వచ్చింది. ఫ్యాక్టరీ నిలవలేదు, ఆ ఊరి కాలనీకి సీసీసీ అన్న పేరు మిగిలింది. దీన్ని వైఫల్యమని కొట్టిపారెయ్యలేను. సాంకేతికంగా ఆ మెట్టు ఎక్కారు, మార్కెట్టు దగ్గర ఆగారు. ఇక్కడ మాత్రం బొగ్గును, వాయువులను ఎరిగిన ఇంజినీర్లు ఒక తరం తయారయ్యారు.

ఈ కాలపు ఉదాహరణలూ ఉన్నాయి. హైడ్రజిన్ హైడ్రేటు అనే రసాయనాన్ని మనం ఎక్కువగా దిగుమతి చేసుకునేవాళ్లం. ఐఐసీటీ విధానం మీద గుజరాత్ ఆల్కలీస్ సంస్థ దహేజ్‌లో ఏటా పది వేల టన్నుల ప్లాంటు పెట్టింది. పైలట్ దశ నుంచీ ఆ కంపెనీ పక్కనే నిలబడింది కాబట్టే అది సాధ్యమైంది. మన బోయినపల్లి కూరగాయల మార్కెట్టులో రోజూ పోగయ్యే చెత్తతో గ్యాసు, కరెంటు తీసే ప్లాంటు కూడా ఐఐసీటీ రూపొందించిన రియాక్టరే. దానికి కేంద్ర బయోటెక్నాలజీ శాఖ డబ్బిచ్చింది. ఒకచోట పెద్ద కంపెనీ, ఇంకోచోట ప్రభుత్వ శాఖ మధ్య మెట్టు ఖర్చు భరించాయి. చిన్న యూనిటు కోసం భరించేవాళ్లే ఇంకా కనబడలేదు.

5. అమ్ముడుపోని పని

ఇంతవరకు విన్నవాళ్లు, పరిశ్రమ డబ్బు ఎంత వస్తే అంత మంచిదని నేను చెబుతున్నానని అనుకోవచ్చు. అలా అనుకోవద్దు.

బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన సాంబా మసూరి వరి, అదే బీపీటీ 5204, మనందరి కంచాల్లో ఉంది. దానికి బాక్టీరియా ఎండాకు తెగులు వస్తే రైతు నిలువునా మునుగుతాడు. సీసీఎంబీ శాస్త్రవేత్తలు రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థతో కలిసి, తెగులును తట్టుకునే మూడు జన్యువులను సంప్రదాయ సంకరంతోనే అందులోకి తెచ్చారు. 2008లో ఆ రకం విడుదలైంది. రైతు ఒకసారి విత్తనం తెచ్చుకుంటే తరువాతి పంటకు తన గాదె నుంచే తీసుకుంటాడు. రాయల్టీ ఎక్కడి నుంచి వస్తుంది? ఎక్స్‌టర్నల్ క్యాష్ ఫ్లో పట్టికలో దాని వాటా చాలా చిన్నది. రైతుల ఇళ్లలో మిగిలిన డబ్బుకు ఆ పట్టికలో గడే లేదు. ఎన్‌జీఆర్‌ఐ వాళ్లు కరువు జిల్లాల్లో భూగర్భజలం వెతికే పనీ అలాంటిదే. వీటికి మూల గ్రాంటే దిక్కు. దాన్ని తగ్గించి బయట సంపాదించుకోమంటే ముందుగా ఆగిపోయేవి ఇవే.

ఇక మొదట చెబుతానన్న భార్గవ గారి విభాగం, టీకా కథకు వస్తాను. 1993లో నెల్లూరు జిల్లాకు చెందిన వరప్రసాద్ రెడ్డి గారు శాంతా బయోటెక్నిక్స్ పెట్టారు. జన్యు సాంకేతికతతో హెపటైటిస్-బి టీకా మన దేశంలోనే చెయ్యాలన్నది సంకల్పం. బ్యాంకులు ముందుకు రాలేదు. ఒమన్ నుంచి పెట్టుబడి వచ్చింది. పరిశోధన ఉస్మానియాలోను, ఆపైన సీసీఎంబీలోను సాగింది. 1997లో శాన్‌వాక్-బి వచ్చింది. వందల రూపాయలు పలికే దిగుమతి టీకా స్థానంలో యాభై రూపాయల టీకా. సీసీఎంబీ అనే చోటే లేకపోతే ఆ కంపెనీ ఎక్కడ పనిచేసేది? 1950ల్లో జహీర్ గారు 'దీన్ని ఎవరు కొంటారు?' అని అడిగి ఉంటే ఆ చోటు ఉండేది కాదు.

కాబట్టి నా తీర్పు ఇది. మూల గ్రాంటు పరిశ్రమ డబ్బుకు ప్రత్యామ్నాయం కాదు, పరిశ్రమ డబ్బు మూల గ్రాంటుకు ప్రత్యామ్నాయం కాదు. ఈ రెండింటి మధ్య, ఎవరి బడ్జెట్టులోనూ శీర్షిక లేని పైలట్ దశకు విడిగా డబ్బు కావాలి.

6. ఆ డబ్బు ఎక్కడిది?

ఒకప్పుడు కొన్ని దారులుండేవి. విదేశీ సాంకేతికత కొనే కంపెనీల మీద 1986 చట్టంతో పరిశోధన సెస్సు వేశారు. దాని మీదే 1996లో టెక్నాలజీ డెవలప్‌మెంట్ బోర్డు వచ్చింది. శాంతా టీకాకు అప్పు ఇచ్చింది ఆ బోర్డే. 2017లో సెస్సు ఎత్తేశారు. జాతీయ ప్రయోగశాలకు పరిశోధన కోసం వంద రూపాయలిస్తే, ఒక దశలో రెండు వందల రూపాయల ఖర్చుగా ఆదాయపు పన్నులో చూపించుకునే వీలుండేది. ముందు నూట యాభైకి దిగింది, 2020 నుంచి వందకే పరిమితమైంది. 2020-21 లెక్కల ప్రకారం దేశం పరిశోధనకు పెట్టింది స్థూల దేశీయోత్పత్తిలో 0.64 శాతం. అందులోనూ ప్రైవేటు రంగం వాటా మూడోవంతు కంటే కొంచెం ఎక్కువ.

2025 జులైలో కేంద్రం లక్ష కోట్ల రూపాయల పరిశోధనాభివృద్ధి నిధికి ఆమోదం తెలిపింది. పరిపక్వత నాలుగో స్థాయిలోను, ఆపైన ఉన్న సాంకేతికతలకు తక్కువ వడ్డీ అప్పులు, వాటా పెట్టుబడులు ఇస్తుంది. స్వాగతిస్తున్నాను. నేను చెప్పే మధ్య మెట్టు ఆ స్థాయిల్లోనే ఉంది. కానీ అది గ్రాంటు కాదు, అప్పో పెట్టుబడో. నాలుగు రియాక్టర్ల యజమాని పోయే అవకాశమున్న బ్యాచ్‌ల కోసం అప్పు చెయ్యడు, చెయ్యమనడం న్యాయం కూడా కాదు.

అహ్మదాబాదు బట్టల మిల్లులు 1947లో వేరే దారి చూపాయి. విక్రమ్ సారాభాయ్, కస్తూర్‌భాయ్ లాల్‌భాయ్ పూనికతో వచ్చిన వస్త్ర పరిశోధన సంస్థ అటిరాకు మిల్లులు చందాలిచ్చాయి, ప్రభుత్వం తన వాటా కలిపింది. పోటీ పడే మిల్లులే ఒక ప్రయోగశాలకు కలిసి డబ్బు కట్టాయి. మద్రాసు తోలు పరిశోధన సంస్థలో మన యలవర్తి నాయుడమ్మ గారు చర్మకారుల వాడల దాకా వెళ్లి పరిశోధనను వాళ్ల పనిలో కలిపారు. ఈ రెండూ మనకు తెలిసిన దారులే. నాచారంలో ఎందుకు కుదరదు?

నేను కోరేది ఒక ఉమ్మడి పైలట్ ప్లాంటు. స్థలం ప్రభుత్వానిది, నిపుణులు ఐఐసీటీ వాళ్లు, నడిపే ఖర్చులో సగం యూనిట్ల చందా, సగం ప్రభుత్వ వాటా. చందా కట్టిన ప్రతి యూనిటుకూ ఏడాదిలో కొన్ని రోజులు రియాక్టరు దొరకాలి. బ్యాచ్ పోతే నష్టం ఉమ్మడిది. విధానం నిలబడితే యూనిటు రాయల్టీ కట్టాలి, ఆ రాయల్టీ మళ్లీ పైలట్ ప్లాంటుకే చేరాలి. కాలుష్య పరిశ్రమలు ఔటర్ రింగు రోడ్డు అవతలికి వెళ్లాలన్న నిర్ణయం ఎప్పుడో జరిగింది. మురుగు తక్కువ పుట్టే విధానాలను నేర్చుకోవడానికైనా ఇలాంటి చోటు మనకు అవసరం. రియాక్టర్లన్నీ తరలిపోయి, ఇక్కడ ప్రయోగశాలలు, అపార్టుమెంట్లు మాత్రమే మిగిలితే మన శాస్త్రవేత్తలు స్కేలప్ చూడ్డానికి బస్సెక్కి పోవాల్సి వస్తుంది.

ఐఐసీటీ పెద్దలకు నా విన్నపం: వచ్చే ఏడాది పట్టికలో పరీక్షల ఫీజును, కొత్త విధానాల ఆదాయాన్ని వేరు వేరు వరుసల్లో చూపించండి. రాష్ట్ర పరిశ్రమల శాఖకు: ఖాళీ అయిన షెడ్లలో ఒకటి ఈ పనికి కేటాయించండి. నాచారం, మల్లాపూర్, ఉప్పల్ యజమానులకు: మీ సంఘం తరఫున ఏటా ఎంత చందా కట్టగలరో కాగితం మీద రాసి ఇవ్వండి. ప్రభుత్వ వాటా అడగడానికి మీరు వెళ్లేటప్పుడు ఆ కాగితం చేతిలో ఉండాలి.